ఫిర్మాన్ గారి పీపా

ఫిర్మాన్ గొద్రియేకు లోకంలో చాలా వాటి మీద చిన్నచూపు. కొండ వెనక ఊళ్లలో వైన్ చేసే రైతులంటే మరీను. పేరున్న ఊళ్లన్నీ కొండకు ఇవతల, ఉదయపుటెండ తగిలే వైపున ఉన్నాయి. వాటి పేరెత్తితే చాలు, పారిస్‌లో లాయర్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. కొండ వెనక ఉన్న సాంత్-ఎపీన్ పేరు చెబితే "అక్కడ ద్రాక్ష కూడా పండుతుందా?" అంటారు. ఫిర్మాన్‌కు ఆ ప్రశ్నతో కూడా పనిలేదు. "పండదు. పులుస్తుందంతే" అని తనే తేల్చేస్తాడు.

అతను వైన్ దళారీ. ఏటా చలికాలం చివర్లో నేలమాళిగలన్నీ తిరిగి, పీపాపీపా రుచి చూసి, ఎవరి సరుకు కొనాలో బోన్ పట్నంలోని వ్యాపారులకు చెప్పడం అతని వృత్తి. కొనకూడనివాళ్ల గురించి చెప్పడం అతని సరదా. ఒకరి వైన్ తడిసిన గోనెసంచి. ఇంకొకరిది స్కూలు సిరా. "తండ్రి మనిషే పులుపు, కొడుకూ పులుపే, ఇంత పులుపు ఇంట్లో వైన్ మాత్రం చప్పగా ఎలా వస్తుందో!" అని ఒక కుటుంబాన్ని రెండు తరాలకూ కలిపి ఒక్క మాటతో ముగించాడు. కాఫీ హోటల్లో జనం నవ్వేవారు. నవ్వేది తన చమత్కారానికే అని అతని నమ్మకం.

అతనికి ఇంకో అలవాటు ఉంది. గాజు గొట్టంతో పీపాలోంచి తీసి పోసిన వైన్‌ను నోట్లో తిప్పి నేలమాళిగలో పరిచిన కంకర మీద ఉమ్మితే మా వైపు ఎవరూ తప్పుపట్టరు, అది పనిలో భాగం. గ్లాసులో మిగిలింది మాత్రం రైతు చేతికివ్వాలి, అతను దాన్ని తిరిగి పీపాలో పోసుకుంటాడు. ఫిర్మాన్ ఇవ్వడు. మణికట్టు ఒక్క విసురు విసిరి, మిగిలిందంతా నేల మీద చల్లుతాడు. "కంకరకు కూడా అభిప్రాయం ఉండాలి కదా" అంటాడు.

ఇలా సుఖంగా జరిగిపోతుండగా, అతను ఎక్కువగా పనిచేసే వ్యాపారసంస్థకు పాత యజమాని కూతురు ఒర్తాన్స్ యజమానురాలైంది. ఒకరోజు అతన్ని పిలిపించింది.

"ఫిర్మాన్ గారూ, పారిస్‌లో భోజనానికి వెళితే ఒక వైన్ పోశారు. తాగి నోట మాట రాలేదు. ఎవరిదంటే మన సాంత్-ఎపీన్‌లో ఒదీల్ మార్షెన్వార్‌దట. మన దగ్గర ఎందుకు లేదది?"

"వెనిగర్ కాబట్టి, మదాం."

"అయితే పారిస్ అంతా వెనిగర్ తాగుతోందంటారా?"

"పారిస్ వాళ్లకు సీసా మీద కాగితం పాతగా కనిపిస్తే చాలు, పొగడ్త మొదలెడతారు."

"ఆవిడ సరుకు తీసుకురండి" అందామె, నవ్వకుండా. "తేలేకపోతే వచ్చే కోతల నుంచి నేను వేరే దళారీని చూసుకోవాల్సి వస్తుంది."

నలభై ఏళ్లు నాలుకతో బతికిన మనిషికి ఆ మాట నాలుక మీదే తగిలింది. ఆ దళారీతనం పోతే కాఫీ హోటల్లో తన మాట ఎవడు వింటాడు? తెల్లారగానే సాంత్-ఎపీన్‌కు కారు తీశాడు.

ఒదీల్ రబ్బరు బూట్లతో, తల మీద ఉన్ని టోపీతో ఎదురొచ్చింది. మాట తక్కువ మనిషి. నేలమాళిగలోకి తీసుకెళ్లి, ఎప్పటిలాగే మెట్ల దగ్గరున్న మొదటి పీపాలోంచి తీసి పోసింది. ఫిర్మాన్ వాసన చూశాడు, నోట్లో తిప్పాడు. అతని మొహం వెలిగిపోయింది. అదే పులుపు, అదే వగరు! తను తప్పు చెప్పలేదు. పారిస్‌దే తప్పు.

"ఒదీల్ అమ్మా, నువ్వు మాత్రం మాట మీద నిలబడే మనిషివి. ఏటేటా ఇంతే ఘోరంగా చేయడం అందరి వల్లా కాదు" అని, మిగిలింది కంకర మీదికి విసిరాడు.

అప్పుడే మెట్ల మీంచి ఎల్వా దిగాడు. ఇంటికప్పు బాగుచేసే ఎల్వా, బట్టలనిండా పెంకుల దుమ్ము.

"అక్కా, కప్పు పనైపోయింది, గొంతు ఎండిపోతోంది..." అంటూ ఆగి, పీపా వంకా మనిషి వంకా చూశాడు. "ఓర్నాయనో! ఫిర్మాన్ పీపా దగ్గర సాక్షాత్తూ ఫిర్మాన్ గారే! వినడమే గానీ చూడటం ఇదే మొదలు."

"నోరు ముయ్యరా" అంది ఒదీల్.

"ఫిర్మాన్ పీపా ఏంటి?" అన్నాడు ఫిర్మాన్.

ఎల్వాకు నోరు మూయడం చిన్నప్పటి నుంచీ రాదు. "మీకు తెలీదా? కొండ వెనక ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుందండీ. మా బావ దగ్గరా ఉంది. నీళ్లు నిలిచే మడిలో పండిన ద్రాక్ష, చిట్టచివర పిండిన రసం. అన్నీ అందులో పోసి, మీరొచ్చి వెళ్లేదాకా మెట్ల దగ్గర అట్టేపెడతారు. తర్వాత సారా బట్టీకి పంపేస్తారు. మా బావ పిల్లలు దానికి మీసం కూడా గీశారు!"

ఫిర్మాన్ చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి వెళ్లింది. కాఫీ హోటల్లో నవ్వులు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. ఏది దేనికో ఇప్పుడు తెలియడం లేదు.

"ఇది మోసం" అన్నాడు.

"మొదటిసారి మీరొచ్చినప్పుడు మంచిదే పోశాను" అంది ఒదీల్. "నాన్న పోయాక నేనొక్కదాన్నే చేసిన మొదటి వైన్ అది. ఇంకా నోట్లో ఉండగానే మిగతాది నేల మీద చల్లారు. బాలేదని చెప్పండి, పడతాను. పారబొయ్యడానికి మాత్రం నేను చేయలేదు. ఆ సాయంత్రమే ఊళ్లో అందరికీ చెప్పా."

ఇంకేమీ అనకుండా ఆమె కమాను దాటి వెనక గదిలోకి నడిచింది. ఎల్వా వెళ్లాడు. ఫిర్మాన్ వెనకే వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అక్కడి పీపాలోంచి ఆమె ముందు ఎల్వాకు పోసింది, ఒక్క క్షణం ఆలోచించి, ఇతనికీ పోసింది.

ఊరందరికీ తలా ఒక మాట అంటగట్టిన ఫిర్మాన్‌కు ఈ గ్లాసుకు ఒక్క మాటా దొరకలేదు. వానకు తడిసిన రాయి, అడవి చెర్రీ... ఛ, ఇవన్నీ సీసాల మీద రాసే కబుర్లు. చాలాసేపు నోట్లోనే ఉంచుకుని చివరికి మింగేశాడు.

"పర్వాలేదు" అన్నాడు.

అంటూండగానే మణికట్టు అలవాటుగా లేచింది. ఎల్వా ఒక్క గెంతులో చెయ్యి పట్టుకున్నాడు. "ఆగండి మహానుభావా!" రెండు చుక్కలు ఫిర్మాన్ బూటు మీద పడ్డాయి. ఒదీల్ గ్లాసు అందుకుని, మిగిలింది పీపాలో పోసేసింది.

"మా యజమానురాలికి కావాలి" అన్నాడు ఫిర్మాన్, బూటు చూసుకుంటూ. "లేకపోతే నా పని పోతుంది."

"రెండు పీపాలిస్తాను. వాటితో పాటు మూడోది మీరే తీసుకెళ్లాలి, మీ ఇంటికి. మెట్ల దగ్గరది. ఇన్నేళ్లు మీ కోసమే కష్టపడి పాడుచేశాను, ఒక్కసారైనా పూర్తిగా తాగండి."

ఒర్తాన్స్ సంతోషించింది. "ఈవిడ మీద నేను ఎప్పట్నుంచో కన్నేసి ఉంచానులెండి" అన్నాడు ఫిర్మాన్, రెప్ప వేయకుండా.

తర్వాతి ఆదివారం అనీసే అనే బావమరిది ఫిర్మాన్ ఇంటికి భోజనానికొచ్చాడు. కిటికీ పక్కన జున్ను బూరెలు తింటూ, ఆ మూడో పీపాలోంచి పోసింది ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇదేంటి బావా, వెనిగరా?"

"నీ నోటికి ఏం తెలుసు! పేరు లేని రైతుల పద్ధతి ఇది. అర్థం కావడానికి కాస్త చదువుండాలి."

"చదువుకున్నవాళ్లే తాగండి" అని అనీసే మిగిలింది జెరేనియం కుండీలో కుమ్మరించాడు.

ఫిర్మాన్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఒరేయ్! పశువుల కొట్టంలో పెరిగావా? గ్లాసులో మిగిలింది అలా పారబోస్తారా ఎవరైనా? అవతల ఒక మనిషి ఏడాది పొడుగునా చేతులు అరగదీసుకుని..."

"ఎవరు బావా ఆ మనిషి?"

ఫిర్మాన్ కుర్చీ ఎత్తి సర్దుకుని కూర్చున్నాడు. కుండీని బావమరిదికి అందనంత దూరం జరిపి, అతని గ్లాసు మళ్లీ నింపాడు.