బ్రేకులు బిగించినవాడి సీటు

నా చిన్నప్పుడు మా తాతయ్య చెప్పే కథల్లో రాజులుండేవాళ్ళు కాదు, కార్లుండేవి. నాన్న అరబ్బు దేశంలో, రూవి అనే ఊళ్ళో గరాజ్ నడిపేవాడు. దాని పైనే మా ఇల్లు. తాతయ్య నెల్లూరు నుంచి చూసిపోదామని వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. పడుచు వయసులో ఆయన మద్రాసులో ఒక కార్ల కంపెనీలో ఫిట్టరు. ఎవరో ధనవంతుడు సరదాపడి పెట్టిన కంపెనీ. ఇంజన్లు ఓడలో వచ్చేవి, మిగతాదంతా రేకుల షెడ్డులో చేత్తో చేసేవాళ్ళు. టేకు చట్రం మీద రేకు ఎలా సాగగొట్టేవాళ్ళో నేను గంటలకొద్దీ విన్నాను. అక్కడొక ఆనవాయితీ ఉండేదట. బ్రేకులు బిగించిన మనిషే ముందు సీటులో కూర్చుని, ఆ కారులో ఊరి బయట గుట్ట దిగి రావాలి. ఆ తరవాతే కారు అమ్మకానికి వెళ్ళేది. అంత గొప్ప కంపెనీ నాలుగేళ్ళకే ఎందుకు మూతపడిందని అడిగితే మాత్రం, టీ తెమ్మని మాట దాటేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు పొద్దున, బహ్లాలో సైట్‌కి కూలీలను తీసుకెళ్ళే పికప్ మా గరాజ్‌లో ఉంది. తెలంగాణ వాళ్ళు పన్నెండుమంది సంచులతో అప్పటికే వెనక ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ యజమాని, ఆ అర్బాబ్, తొందర పెడుతున్నాడు. తాతయ్య మెట్లు దిగి వచ్చి బ్రేకు గొట్టం బిగించావా అని నాన్నని అడిగాడు. బిగించినట్టే ఉందన్నాడు నాన్న.

తాతయ్య కూలీలందరినీ దిగమన్నాడు. నా రెక్క పట్టుకుని ముందు సీటెక్కి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వే తోలరా. మన వీధి చివరి దిగుడులో వేగంగా పోనీ."

ఆయన మోకాళ్ళు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. నాన్న తాళం తిప్పబోయి నా మొహం చూశాడు. దిగి చక్రం ఊడదీశాడు. లోపల గొట్టం నట్టు, ఉత్త వేళ్ళతోనే తిరిగింది.

మధ్యాహ్నం తాతయ్య మిగతా కథ చెప్పాడు. ఆర్డర్లు పెరిగాక, గుట్ట దిగడం టైమ్ దండగని కంపెనీ యజమాని ఆ ఆనవాయితీ తీసేశాడట. తాతయ్య బ్రేకులు బిగించిన కారొకటి ఘాట్‌రోడ్డు మీంచి లోయలో పడింది. తల్లీతండ్రీ, ముగ్గురు పిల్లలు. ఒక్కరూ మిగల్లేదు. ఆ తరవాత ఆ కార్ల మొహం ఎవరూ చూడలేదు. చివరికి షెడ్డు రేకులు కూడా తుక్కు కింద పోయాయి. తప్పెవరిదో తేలలేదు.

"బ్రేకు కడ్డీ ఊడకుండా పిన్ను పెట్టినట్టే ఉందమ్మా. పెట్టానో లేదో ఇప్పటికీ గుర్తు రాదు" అన్నాడు.

నన్ను పణంగా పెట్టాడని అమ్మ ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. అమ్మ కోపంలో న్యాయముంది. నాకూ ఆ భయం పూర్తిగా పోలేదు.

ఇప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఇక్కడే, పక్కనున్న సీబ్‌లో ఒక స్కూలు బస్సుల పని చూస్తున్నాను. రిపేరు నుంచి వచ్చిన బస్సులో పిల్లలకంటే ముందు నేనెక్కి, బ్రేకులు చూసిన మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పిస్తాను. మేడమ్‌కి చాదస్తమని డ్రైవర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. "చూసినట్టే ఉంది మేడమ్" అని ఎవరైనా అంటే చాలు, ఆ ముసలి మోకాళ్ళ వణుకు మళ్ళీ నాకు తగులుతుంది. ఇక ఆ బస్సును గేటు దాటనివ్వను.