బేబక్క పురిటికని ఖాళీ చేసిన వాటా

మా చిన్నప్పుడు యానాం ఫరంపేటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం... రెండు వాటాలు. వీధి వైపు మేము, దొడ్డి వైపు ఇంటిగలావిడ. మధ్య తలుపుకి గడియ ఉండేది గానీ, వేయగా నేను చూడలేదు.

ఆవిడ పేరు సత్యవతి. చుట్టమేం కాదు గానీ అమ్మకి వదినగారు, నాన్నకి అక్కయ్యగారు, నాకు అత్తయ్య. ఆవిడ ఆవకాయ జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పి, ముక్కలు కాజేసి, మళ్ళీ అలాగే కట్టేసేవాణ్ణి. ఆవిడకి తెలుసు. "మీ వైపు పిల్లి భలే ముడి వేస్తుంది వదినా" అనేది అమ్మతో... నన్ను చూస్తూ, మూతి బిగించి నవ్వు ఆపుకుంటూ.

ఒకరోజు అత్తయ్య మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. వాళ్ళమ్మాయి బేబక్కని ఆ ముందు ఏడే కాకినాడ ఇచ్చారు.

"బేబికి అయిదో నెల వదినా. దిష్టని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తొలి పురుడు మనమే పొయ్యాలి కదా... నాకా ఉన్నది ఒక్క గది. మీరు కొన్నాళ్ళు వేరే సర్దుకున్నారంటే, బాలింత లేచెళ్ళగానే మీ వాటా మళ్ళీ మీదే. పరాయివాళ్ళనైతే అడుగుతానా ఈ మాట?"

అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది... ఇల్లు పోతోందని కాదు, బేబక్క కడుపు పండిందని. అందరికీ కాఫీ కలిపింది. కాఫీ అయ్యేలోపు అంతా ఒప్పేసుకున్నాం.

ఎదురింట్లో ఒక ప్లీడరు గుమస్తా గారు ఉండేవారు. నాన్నని అరుగు మీదికి పిలిచారు. "అద్దె సక్రమంగా కడుతున్నవాణ్ణి నోటిమాట మీద లేపడానికి లేదయ్యా. సొంతానికి కావాలంటే కోర్టులో అడుక్కోమను. నువ్వు కదలకు."

నాన్న పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంజన్ని ఒకటికి నాలుగుసార్లు విప్పి చూసేవాడు గానీ మనుషుల్ని విప్పి చూసే అలవాటు లేదు. "పురిటికొచ్చే పిల్లకి చోటివ్వకుండా కోర్టంటే ఏం బాగుంటుందండీ" అన్నాడు.

ఖాళీ చేశాం. అగ్రహారంలో ఇంకో ఇల్లు దొరికింది... వానొస్తే మంచం ఎటు జరపాలో నెల తిరక్కుండానే ఇంటిల్లిపాదికీ నేర్పేసిన ఇల్లు.

అమ్మ మధ్యాహ్నాలు పాత చీరలతో బొంతలు కుట్టేది. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కూడా కుట్టింది. అవన్నీ సంచిలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని ఫరంపేట బయల్దేరింది.

మా వాటా ముందు రిక్షా ఆగి ఉంది. పెట్టెలు దించుతున్నారు. లోపల, నా మంచం ఉండే గోడ పొడుగునా అరలు కొట్టేసి... బ్రాందీ సీసాలు వరసగా నిలబెట్టారు. యానాంలో కాపురానికిచ్చే అద్దె ఎంత, బ్రాందీ షాపుకొచ్చే అద్దె ఎంత అన్నది చంటిపిల్లలకి కూడా తెలుసు. మా అమ్మకే తెలియలేదు.

"పురుడు వాళ్ళత్తోరే పోసుకుంటామన్నారు వదినా... ఉత్తినే పడుందెందుకని" అంది అత్తయ్య, సంచి వైపు చూడకుండా.

అమ్మ ఒక్కటే అడిగింది. "అమ్మాయి కులాసాయేనా?"

చాలా రోజుల తర్వాత బేబక్కే చెప్పింది... అప్పటికి తనకి అసలు నెలే తప్పలేదట.

నాన్న గుమస్తా గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన నిట్టూర్చారు. "సొంతానికని కోర్టు ఆర్డరు తెచ్చుకుని ఖాళీ చేయించి, ఇంకొకరికిచ్చిందనుకో... ఇల్లు మళ్ళీ నాకివ్వమని అడగొచ్చయ్యా. నువ్వేమో కాఫీ తాగి ఖాళీ చేశావు. ఏమని అడుగుతావు?"

పెద్దవాళ్ళు ఊరుకున్నారు. నేనెందుకు ఊరుకుంటాను... మర్నాడు షాపు తెరవకముందే తలుపు మీద బొగ్గుతో ఇంత లావు అక్షరాలు రాసేశాను. "ఇది పురిటిల్లు. మగవాళ్ళు లోపలికి రాకూడదు."

వచ్చినవాళ్ళు చదువుకోవడం, నవ్వుకోవడం... ఒక పెద్దాయనైతే గుమ్మంలోనే ఆగిపోయి, "ఆడపిల్లా, మగపిల్లాడా తల్లీ" అని అత్తయ్యనే అడిగాడు.

ఆవిడ అరుగు మీదికొచ్చింది. "ఎవడ్రా రాసింది?"

"నేనే అత్తయ్యా. మీరు చెప్పిందే రాశాను."

చెవి మెలేస్తుందనుకున్నాను... మెలేసినా బాగుండేది.

"అత్తయ్యేంట్రా. ఎవర్రా నీకు అత్తయ్య? దిగు అరుగు మీంచి" అంది.

సామాను బండికెక్కించిన రోజు నేను ఏడవలేదు. ఆ అరుగు దిగి ఇంటికెళ్ళేదాకా ఏడుస్తూనే ఉన్నాను...

ఇప్పుడు మెట్టకూరులో అద్దెకుంటున్నాను. అగ్రిమెంటు, సాక్షులు, రసీదులు... అన్నీ పక్కా. ఓనరు కుర్రాడు మంచివాడే, ఏ పేచీ పెట్టడు. కానీ "బాబాయ్, ఓ మాట" అంటూ లోపలికొస్తే చాలు, నా చెయ్యి రసీదుల కట్ట వైపు పోతుంది. "వరసలొద్దు నాయనా, పేరు పెట్టి పిలువు చాలు" అంటాను. జోకనుకుని నవ్వుతాడు.

చట్టం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది... పరాయి మనిషిని నోరారా ఒక వరస పెట్టి పిలిచే ధైర్యమే నాకు లేకుండా పోయింది.

మీ చిన్నప్పుడు ఇంటిగలవాళ్ళని ఏమని పిలిచేవారు... ఖాళీ చేశాక కూడా ఆ పిలుపుకి వాళ్ళు పలికారా?