లాంచీ అడుగున ఉప్పునీళ్ళు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. ముప్ఫై ఏళ్ళు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఫిట్టరుగా పనిచేశాను. చప్పుడొస్తే బేరింగు పోయిందనీ, నీళ్ళు కారితే సీలు పోయిందనీ తప్ప ఇంకో కారణం వెతికే అలవాటు నాకు లేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దయ్యమేమీ లేదు కూడా. నీళ్ళున్నాయి, అంతే.

రిటైరయ్యాక ఒక లాంచీ కొనుక్కుని అందులోనే ఉండాలన్నది నా పిచ్చి. మాది బళ్ళారి బజారులో తరతరాలుగా బట్టల కొట్టు నడిపిన కుటుంబం. మావాళ్ళలో పడవెక్కినవాడు ఒక్కడూ లేడు. కానీ కంపెనీ బస్సు కిటికీలోంచి అన్నేళ్ళు ఎర్రదుమ్మూ, ఖనిజం లారీలూ చూసినవాడికి నీళ్ళ మీద బతకాలనిపిస్తే అందులో తప్పేముంది?

సముద్రం ఒడ్డున కార్వారు దగ్గర ఒక పెద్దాయన పాత లాంచీ అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. ముప్ఫై రెండడుగుల టేకు లాంచీ. లోపల రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, నిలబడితే నెత్తికి తగిలే కప్పు. ఇంజను లారీలకు పెట్టే డీజిలు ఇంజనే, కాబట్టి దానికి భయపడలేదు. రెండేళ్ళుగా ఒడ్డు మీద కొబ్బరి మట్టల పందిరి కింద ఎండుతూ ఉంది. చిన్న సుత్తితో ఒక్కొక్క చెక్కా కొట్టి విన్నాను. ఎక్కడా పుచ్చు చప్పుడు రాలేదు. పెద్ద ట్రైలరు మీద ఎక్కించి, పడమటి కనుమల ఘాటు రోడ్డు దాటించి, తుంగభద్ర డ్యాము వెనక నీళ్ళ ఒడ్డుకు తెచ్చుకున్నాను.

నా భార్య పద్మ హైస్కూల్లో సైన్సు టీచరు. నాకంటే ఆరు నెలలు ముందు రిటైరయింది. లాంచీ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి ఒక్క షరతు పెట్టింది.

"ఒక వర్షం చూస్తానప్పా. అడుగున నీళ్ళు కారినాయంటే ఆ పొద్దే బళ్ళారికి పోతా. నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే."

కన్నడంలో వర్షమంటే సంవత్సరం. మా ఇంట్లో రెండు భాషలూ కలిసే నడుస్తాయి. ఆ మాట మీదే కంటోన్మెంటులో పాతికేళ్ళుగా ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేశాం.

మూడు నెలలు పని పట్టింది. చెక్కల మధ్య పాత నూలంతా గీకి తీసి కొత్త నూలు కుక్కి, మీద లప్పం పెట్టాను. వైర్లన్నీ మార్చాను. ప్రొపెల్లరు షాఫ్టు బయటికి పోయే చోట నీళ్ళు లోపలికి రాకుండా కొత్త గ్లాండు వేశాను. వానలకు డ్యాము నిండాక లాంచీని నీళ్ళలోకి దించాం. మూడు రోజులు అడుగున చుక్క లేదు.

నాలుగో రోజు పొద్దున ఇంజను పక్కనున్న నేల చెక్క ఎత్తి చూస్తే, అడుగు గుంటలో రెండు అంగుళాల నీళ్ళు.

పద్మకు చెప్పలేదు. ఆవిడ ఒడ్డుకు వెళ్ళినప్పుడు చేతిపంపుతో తోడేశాను. గ్లాండు తడిమాను, పొడిగా ఉంది. ఒక్కో అతుకూ వేలితో రాసి చూశాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక మళ్ళీ నీళ్ళు. ఈసారి తోడకుండా సుద్దముక్కతో గీత పెట్టాను. సాయంత్రానికి నీళ్ళు లేవు. నేను తోడలేదు, పంపు ముట్టుకోలేదు. వాటంతట అవే పోయాయి.

ఇలా వారం రోజులు దొంగలా చెక్క ఎత్తడం, గీత పెట్టడం, మూయడం. ఒకరోజు టార్చితో బాగా లోపలికి వంగాను. ఎదురుగా ఉన్న వంపు దూలం మీద సన్నటి పసుపు గీతలు కనిపించాయి. ఒక్కో గీత పక్కన పెన్సిలుతో టైము రాసి ఉంది. అక్షరాలు పద్మవి.

పైకి లేచేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తూ ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి చూస్తాండావు?" అన్నాను.

"నువ్వు దాచిపెట్టిన పొద్దు నుంచే. చెప్తే పోతాననుకున్నావా?"

"పోతానంటివి కదా."

"పోయేదాన్నే. కానీ ఇది కారేది కాదప్పా. కారిన నీళ్ళు తిరిగి యాడికి పోతాయి? అది సరే, నాలిక మీద ఏసుకొని చూసినావా?"

చూడలేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. కటిక ఉప్పు.

పాత టేకుకు పట్టిన ఉప్పు దిగుతూ ఉండవచ్చని నేను వాదించాను. అయితే కడుగు అంది. మూడు రోజులు డ్యాము నీళ్ళతో ఆ గుంట కడిగాను. రుచి తగ్గలేదు. పద్మ తన పాత స్కూలు ల్యాబు నుంచి చిన్న సీసాలో, ఉప్పుంటే తెల్లగా తేల్చే సిల్వర్ నైట్రేటు తెచ్చింది. రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో డ్యాము నీళ్ళు, ఇంకోదాంట్లో గుంట నీళ్ళు. నాలుగు చుక్కలు వేసేసరికి మొదటి గ్లాసు కాస్త మసకబారింది. రెండోది పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టి అడుక్కు దిగింది.

భయం వేయలేదా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు వేసింది, లాంచీ మునుగుతుందేమోనని. పద్మకు మాత్రం కొత్త పాఠం దొరికినట్టుంది. పొద్దునే లేచి కాఫీ కంటే ముందు చెక్క ఎత్తేది.

ఆ ఒడ్డున కాకినాడ వైపు నుంచి వచ్చి గుడిసెలు వేసుకుని చేపలు పట్టే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ళలో అప్పారావు మాకు తాళ్ళు కట్టడం నేర్పినవాడు. పద్మ అతన్ని లోపలికి పిలిచి గుంట చూపించింది. వేలు ముంచి, నాకి, పక్కకు ఉమ్మాడు. పద్మ తను రాసుకున్న టైములు చదివి వినిపించింది.

"ఇది పోటు నీరండి," అన్నాడు అప్పారావు. "రోజుకి రెండుసార్లు ఎక్కుద్ది, రెండుసార్లు దిగుద్దండి. రోజూ ముప్పావుగంట పైనే ఆలస్యమవుద్ది. మా ఊళ్ళో దీన్ని చూసే ఏటకెళ్తామండి." మళ్ళీ గుంటలోకి చూసి, "ఈ పడవ ఏ ఊరిదండీ?" అన్నాడు.

చెప్పాను. పద్మ అప్పుడే ఫోనులో కార్వారు సముద్రం పోటు టైములు తీసి తన టైముల పక్కన పెట్టింది. ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు పావుగంట తేడా. అంతకు మించి లేదు. సముద్రానికీ మాకూ మధ్య ఒక పర్వతాల వరసే ఉంది.

అమ్మిన పెద్దాయనకు ఫోను చేశాను. మీ దగ్గరున్నప్పుడు అడుగున నీళ్ళు చేరేవా అని అడిగాను. నేను బేరం తిరగేస్తున్నాననుకుని ఆయన నొచ్చుకున్నాడు. తన నలభై ఏళ్ళలో ఒక్క చుక్క రాలేదని ఒట్టేశాడు. ఆయన అబద్ధమాడాడని నేననుకోను.

కార్తీక అమావాస్య నాడు పొద్దున లాంచీ తీసుకుని చాలా లోపలికి వెళ్ళాం. ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తున్న చోట ఇంజను గొంతు మారింది. చెక్క ఎత్తి చూస్తే నీళ్ళు ఇంజను ఫ్లైవీలు చక్రాన్ని తాకుతున్నాయి. అంత ఎత్తు ఎప్పుడూ రాలేదు. ఇంజను ఆపేసి చేతిపంపు అందుకున్నాను. ముప్పావుగంట తోడాను. భుజాలు పడిపోయాయి. నీళ్ళు ఒక వేలు కూడా తగ్గలేదు. పైగా ఎక్కుతున్నాయి. బ్యాటరీకి ఇంకో జానెడు ఉంది. పద్మకు ఈత రాదు.

ఆవిడ లైఫు జాకెట్టు వేసుకుని, చేతి గడియారం చూస్తూ నా పక్కన కూర్చుంది.

"బిడప్పా, వదిలెయ్. ఇంక తోడొద్దు."

"మునిగిపోతాం, పద్మా."

"నువ్వు సముద్రాన్ని తోడతాండావు. అది అయ్యేది కాదు. పదకొండున్నర దాకా చూడు. ఆడికి నిలుస్తాది. ఆమీట దిగుతాది."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో లోపలికి నీళ్ళొస్తున్న యంత్రం ముందు చేతులు కట్టుకుని కూర్చోలేదు నేను. ఆ రోజు కూర్చున్నాను. పంపు వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళు నొప్పెట్టేలా నొక్కింది. భయం ఆవిడకూ ఉందని అప్పుడు తెలిసింది. పదకొండూ ముప్ఫై అయిదుకు నీళ్ళు నిలిచాయి. పన్నెండుకల్లా పసుపు గీత ఒకటి బయటపడింది. రెండు గంటలకు ఇంజను స్టార్టు చేసి ఒడ్డుకు వచ్చాం.

ఆ మర్నాడు బళ్ళారికి వెళ్ళిపోదామని నేనే అన్నాను. పద్మ తల అడ్డంగా ఊపింది. ఎండాకాలం రానీ, డ్యాము ఖాళీ అయ్యాక ఏమవుతుందో చూడాలి అంది.

ఎండాకాలంలో ఆ నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కి వెళ్ళిపోతాయి. వైశాఖానికి మా లాంచీ బీటలు వారిన మట్టి మీద నిలబడింది. పక్కకు ఒరగకుండా రెండు వైపులా మూడేసి దుంగలు ఆనించి, దుంగకూ లాంచీకీ మధ్య చెక్కముక్కలు పెట్టి సుత్తితో గట్టిగా దిగ్గొట్టాను. నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్ళం. అడుగున చుట్టూ పాకి చూశాను. మట్టి బూడిదలా పొడిగా ఉంది.

అయినా నీళ్ళు వచ్చాయి. వచ్చినవి పోయాయి. ఎక్కడి నుంచి ఊరుతున్నాయో కళ్ళతో చూడాలని గంటలకొద్దీ టార్చి పట్టుకుని కూర్చున్నాం. చెక్క మీద చెమట పట్టినట్టు మొదలై నిండేవి. ఒకసారి పద్మ గుప్పెడు పసుపు అందులో కలిపింది. పచ్చటి నీళ్ళు దిగిపోయాయి. తర్వాతి పోటుకు తేటగా వచ్చాయి. కింద మట్టి మీద పసుపు మరక ఎక్కడా లేదు.

పౌర్ణమి రోజు మధ్యాహ్నం. ఇద్దరం లోపలే ఉన్నాం. నీళ్ళు ఫ్లైవీలు దాకా వచ్చాయి. ఉన్నట్టుండి కాళ్ళ కింద నేల మెత్తగా పైకి వచ్చినట్టయింది. గోడకు వేలాడదీసిన గరిటెలు ఒక పక్కకు ఊగాయి, మళ్ళీ ఇంకో పక్కకు ఊగాయి. నీళ్ళలో తేలే పడవ ఎలా ఊగుతుందో మాకు అప్పటికి బాగా తెలుసు. పద్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. అయిదు నిమిషాలో, పది నిమిషాలో, చెప్పలేను. తర్వాత చిన్న కుదుపుతో లాంచీ మట్టి మీద కూర్చుంది.

నిచ్చెన దిగేసరికి అప్పారావు గుడిసె దగ్గర నుంచి పరుగున వస్తున్నాడు. చేతిలో వలలు అల్లే సూది అలాగే ఉంది.

"లేచిందండి," అన్నాడు రొప్పుతూ. "నా కళ్ళతో సూశానండి. జానెడు లేచిందండి."

మట్టి మీద తడి లేదు. నేను దిగ్గొట్టిన ఆరు చెక్కముక్కలూ రాలి దుంగల పక్కన పడి ఉన్నాయి. బరువు మీద ఉన్నంతసేపూ సుత్తితో కొట్టినా ఊడనివి అవి. ఆ లాంచీ బరువు ఆరు టన్నుల పైనే.

ఆ వేసవిలోనే కార్వారు నుంచి పడవల వడ్రంగిని పిలిపించాను. రెండు రోజులు చూసి, కట్టు గట్టిగా ఉంది, కావాలంటే అడుగు దూలం మారుస్తానన్నాడు. మార్చితే ఆ నీళ్ళు ఆగిపోతాయేమో. నేను పద్మ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. వద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం. దారి ఖర్చులిచ్చి వడ్రంగిని పంపేశాం.

ఇంజనీర్లను అడిగాను, ఫ్యాక్టరీలో నాతో పనిచేసినవాళ్ళను అడిగాను. భూగర్భ జలాలన్నారు, గాలి ఒత్తిడి అన్నారు. ఒక్కరి లెక్కా ఉప్పుకూ, టైముకూ, ఆ లేవడానికీ కలిపి సరిపోలేదు.

మేమింకా లాంచీలోనే ఉన్నాం. ప్రతి ఎండాకాలం దుంగలు ఆనిస్తాను. చెక్కముక్కలు పెడతాను కానీ ఇప్పుడు సుత్తి వాడను. చేత్తో దూర్చి, కొంచెం వదులుగానే వదిలేస్తాను.