బూటు విప్పి చూపించడం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక అక్టోబరులో, మోరిస్‌విల్‌లోని మా కంపెనీ నన్ను కొండ ఎక్కమంది. నాది రిలీజ్ మేనేజర్ ఉద్యోగం. ఇంజనీర్లు రాసిన సాఫ్ట్‌వేర్ కస్టమర్‌కి వెళ్లవచ్చా, ఆగాలా అన్నదాంట్లో చివరి మాట నాది. వెళ్లమంటే పేరు ఇంజనీర్లకు, ఆగమంటే తిట్లు నాకు. కొండల ప్రస్తావన ఆ ఉద్యోగ వివరణలో ఎక్కడా లేదు.

కొత్త డైరెక్టర్ కాలమ్ స్కాట్లండ్ కొండల్లో పెరిగిన మనిషి. టీమంతా ఒక పగలు కలిసి నడిస్తే ఐకమత్యం పెరుగుతుందని ఆయన నమ్మకం. రాష్ట్రం పడమటి అంచున నిటారుగా నిలబడ్డ కొండను ఆయన చిన్న గుట్ట అన్నాడు. టీమ్‌లో ఎక్కువమంది తెలుగువాళ్లు. దారిలో మజ్జిగ అమ్మే కొండ తప్ప ఇంకో రకం కొండ ఎరగరు.

కాలమ్ ముందు నడిచాడు. వెనకబడ్డవాళ్లను చూసుకుంటూ నన్ను అందరికంటే చివర రమ్మన్నాడు. వయసు రీత్యా ఎలాగూ అక్కడే ఉండేవాణ్ణి.

మధ్యాహ్నానికి మబ్బు దిగింది. ముందువాళ్ల రెయిన్‌కోట్ల రంగులు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆగిన ప్రతిచోటా కాలమ్ అందరూ బాగున్నారా అని అడగడం, అందరూ బొటనవేలు పైకెత్తడం. నన్ను భయపెట్టింది మబ్బు కాదు, ఆ వేళ్లు. మా వృత్తిలో పని ఎలా నడుస్తోందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చెబుతారు. పసుపు అన్నవాడి చుట్టూ నలుగురు మేనేజర్లు మూగుతారు కనుక అందరూ ఆకుపచ్చే అంటారు. పైకి పచ్చగా ఉండి, కోస్తే ఎర్రగా ఉండే అలాంటి రిపోర్టును పుచ్చకాయ అంటాం.

నా ముందు నడుస్తున్నది హరీష్. వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీర్, హెచ్-వన్ వీసా. తడి బండ మీద జారి లేచినప్పటి నుంచి ప్రతి రాయీ ఎడమ కాలితోనే ఎక్కుతున్నాడు. అడిగితే ఏమీ లేదన్నాడు. మళ్లీ అడిగాను.

"జర బెణికింది సార్, అంతే. కాలమ్‌కి చెప్పకుండ్రి. నా గ్రీన్ కార్డ్ పేపర్ల మీద ఆయన ఈ వారమే సైన్ చెయ్యాలె. ట్రిప్ ఖరాబ్ చేసినోడు వీడే అని యాదుండాల్నా ఆయనకి?"

"ఇక్కడ పిండికట్టు మీద కూడా సైన్ చేస్తారు. రెండూ ఒకేసారి చేయించుకుంటావా?"

నవ్వాడు. ఆ నవ్వు కాలి దాకా వెళ్లలేదు.

దారి ఒక రాతిగోడ కింద ఆగింది. పైకి ఇనుప నిచ్చెనలు, తడిగా, సగం నుంచి మబ్బులో. ఎక్కితే మళ్లీ వాటి మీదుగానే దిగాలి. కాలమ్ అడిగాడు. వేళ్లు లేచాయి. హరీష్‌ది అందరికంటే ఎత్తుగా లేచింది.

అప్పుడు కాలమ్‌ని కాస్త ఆగమన్నాను. ఎవరూ ఏమీ చెప్పొద్దు, చూపించండి అన్నాను. ముందు నీళ్ల సీసాలు: సగం ఖాళీ. టార్చిలైట్లు ఫోనులో ఉన్నాయన్నారు. ఫోన్లలో ఫొటోలున్నాయి, చార్జింగ్ లేదు. తర్వాత బూట్లు. విజయవాడ అమ్మాయి సుధ ఊడిన సోల్‌ని చార్జర్ వైరుతో కట్టుకుంది. ఆ రోజంతా ఆ వైరుకు దొరికిన పని అదే.

హరీష్ బూటు లేసుతో చాలాసేపు కుస్తీ పట్టాడు. చివరికి విప్పితే, చీలమండ దగ్గర వంకాయంత వాపు. రంగూ అదే.

తను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాడు కాలమ్. హరీష్ బూటు మళ్లీ తొడుక్కోబోయాడు.

"సంతకం పెట్టే మనిషి అడిగితే అందరూ బాగానే ఉంటారు," అన్నాను.

కాలమ్ నిచ్చెనల వైపు ఒకసారి చూసి, దిగుదాం అన్నాడు. హరీష్‌కి ఒక పక్క తనే భుజం ఇచ్చాడు. చీకటి పడేలోపు చేరతామా అన్న ప్రశ్న అందరికీ ఉంది. మిగిలిన వెలుతురు కింద మేమొచ్చిన వ్యాను కనబడేదాకా సరిపోయింది, అంతకు మించి కాదు.

ఆస్పత్రిలో ఎముకలో సన్నటి చీలిక అన్నారు, పిండికట్టు వేశారు. కాలమ్ ఆ వారంలోనే రెండు సంతకాలూ పెట్టాడు. పిండికట్టు మీదిది ముందు.

ఆ తర్వాత నా మీటింగుల్లో పని ఎలా ఉందని అడగడం మానేశాను. టెస్టు నా కళ్లముందు నడిపించమనేవాణ్ణి. మీటింగులు పొడవయ్యాయి, నన్ను లంచ్‌కి పిలిచేవాళ్లు తగ్గారు. ఆకుపచ్చ అన్నవాణ్ణి బూటు విప్పమనడమే రిలీజ్ మేనేజర్ పని. మిగతాదంతా క్యాలెండర్ చూసుకుంటుంది.