తరిమిన కందిరీగ

యుద్ధం రోజుల్లో బెంగుళూరు కంటోన్మెంటు స్టేషనులో బండి కోసం నేలమీద కూర్చున్నాను. వీపునిండా పిల్లల్ని మోస్తూ ఒక సాలెపురుగు గోడవారన పరుగెత్తుతోంది. కందిరీగ ఒకటి దాన్ని కుట్టి ఈడ్చుకుపోబోతే, చెప్పు విసిరి తరిమాను. సాలెపురుగును తీసి కిటికీ గట్టున పెట్టాను.

పక్కన మూటమీద కూర్చున్న ముసలామె ఆకు నమలడం ఆపింది.

"ఎంత పని చేస్తివమ్మా! కుట్టినాక అది ఇంక లేస్తాదా? కందిరీగ తన బిడ్డకని తీసకపోతా ఉండె."

"పిల్లలతల్లిని కూడానా, అవ్వా?"

"నువ్వు కోడిని అడిగే కోస్తావా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. సాలెపురుగును మళ్ళీ కిందికి దించాను. దాని పిల్లలు అప్పటికే ఎటో చెదిరిపోయాయి. బండి వచ్చేదాకా చూశాను. కందిరీగ రాలేదు.

ఇప్పటికీ మా గోడకు కందిరీగ మట్టిగూడు కడితే, ఇంట్లో బిడ్డ పుడుతుందని కోడళ్ళు మురుస్తారు. నేను మాత్రం గూట్లోకి తిండి చేరిందా లేదా అని చూస్తూ నిలబడతాను.