ఏముందో ఎవరూ అడగని హాట్ డాగ్

మొన్న మనవరాలు స్కూలు ప్రాజెక్టు కాగితం పట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది. "తాతా, వాట్స్ యువర్ ఫేవరెట్ ఫుడ్ ఎట్ ఎ బాల్ గేమ్?" అని అడిగింది. ఇంట్లో అందరినీ అడిగి రాసుకురమ్మన్నారట. వంటింట్లోంచి మా ఆవిడ వింటోంది. పాప్‌కార్న్ అని చెప్పాను. అది రాసుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆవపిండి ఘాటు ముక్కులోకి ఎక్కినట్టయింది.

నిజానికి బేస్‌బాల్ ఆటకు వెళ్లి నేనెన్నడూ పాప్‌కార్న్ మొహం చూడలేదు. కెనడాలోని ఓక్‌విల్‌లో స్థిరపడ్డ మేం నలుగురు మిత్రులం, ముగ్గురు ఇంజనీర్లు, ఒక డాక్టరు, ముప్ఫై ఏళ్లపాటు ప్రతి వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి టొరంటో స్టేడియానికి వెళ్లేవాళ్లం. ఆట నియమాలు మాలో ఇద్దరికి ఇప్పటికీ తెలియవు. వెళ్లేది తిండికి. వేడి బన్ను మధ్య పొగలు కక్కే సాసేజ్, దాని మీద వేయించిన ఉల్లిపాయలు, పచ్చటి ఆవముద్ద, పక్కన ఊరవేసిన దోసకాయ ముక్క. కొరికితే రసం మోచేతి దాకా కారేది. అందులో ఉన్నది ఏ మాంసమో అడగకూడదన్నది మా మధ్య ఎవరూ పైకి అనని ఒప్పందం. తెలియక కాదు. ఒకసారి నోటితో అనేశాక ఇంటికెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టడం కష్టం. "బయట తిన్నది బయటే" అనేవాడు డాక్టరు మూతి తుడుచుకుంటూ. ఇంట్లో మాత్రం మేమంతా మహా నిష్ఠాపరులం.

కాలేజీల కోసం మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. జగిత్యాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా బేస్‌మెంట్‌లో అద్దెకు దిగింది. మొదటిరోజే షరతు పెట్టాను: ఈ ఇంట్లో నీచు వండకూడదు, గుడ్డు కూడా. "సరే అంకుల్" అంది. ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగని ఇంటి పిల్ల అని తరువాత మా ఆవిడ చెప్పింది. ఏడాదిపాటు పప్పూ పచ్చడితో సరిపెట్టుకుంది. శనివారం నేను ఉపవాసమని తెలిసి, కాలేజీ నుంచి వస్తూ అరటిపళ్లు తెచ్చి మెట్ల మీద పెట్టేది. నేను వాటిని ఏ మాత్రం సిగ్గు లేకుండా తినేవాణ్ని.

ఆ వేసవి స్టేడియంలో తిండి లైన్లో మా వంతు వచ్చేసరికి కౌంటర్ వెనక టోపీ, ఏప్రన్‌తో ఆ అమ్మాయే ఉంది. పార్ట్‌టైమ్ జాబ్ దొరికిందని అంతకుముందు ఇంట్లో చెప్పింది కానీ, ఎక్కడని నేను అడిగిందెప్పుడు? నన్ను చూసి మొహం విప్పారింది. నాలుగు హాట్ డాగ్‌లు చెప్పాను. ఆ నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగి, గొంతు తగ్గించి, "అంకుల్, గవి వద్దు. అండ్ల బీఫ్ ఉంటది, మీకు తెల్వదేమో. వెజ్జీ డాగ్ ఉన్నది, గ్రిల్ కడిగి నేనే సపరేట్‌గ చేసిస్త" అంది.

ఎంత తగ్గించినా ఆ మాట నలుగురికీ వినిపించింది. డాక్టరు మొహం మాడిపోయింది. "ఎవరండీ ఈ పిల్ల, మనకి చెప్పడానికి?" అంటూ సూపర్‌వైజర్‌ని పిలిచాడు. మీ దగ్గర పనిచేసే అమ్మాయి కొనేవాళ్లను కొనొద్దంటోంది అని ఫిర్యాదు చేశాడు. ఆ సూపర్‌వైజర్ నా వైపు తిరిగి, ఈమె మీకు తెలుసా, నిజంగా కొనొద్దందా అని అడిగాడు. తెలుసు, నా మేలు కోరే చెప్పింది అంటే ఆ పిల్ల ఉద్యోగం నిలబడేది. కానీ మా ఇంట్లో ఉండే పిల్ల అని ఈ మిత్రులకు తెలుస్తుంది, నేను తినేదేమిటో మా ఆవిడ దాకా వెళుతుంది. పిరికివాడికి లెక్కలు చురుగ్గా వస్తాయి. ఎవరో నాకు తెలియదు, వద్దన్న మాట మాత్రం నిజమే అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కసారి నా వైపు చూసి ఏప్రన్ ముడి విప్పుకుంది. అక్కడితో ఆ జాబ్ పోయింది. మా నాలుగు హాట్ డాగ్‌లూ వచ్చాయి. నేను తిన్నాను. రుచిగానే ఉంది, అదే తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

వారం తిరక్కుండానే ఖాళీ చేసింది. "వాన్ సిటీల వేర్‌హౌస్ జాబ్ దొరికింది ఆంటీ, అక్కడ్నే ఫ్రెండ్స్‌తోని ఉంట" అని మా ఆవిడకి చెప్పింది. స్టేడియం సంగతి ఆవిడ దగ్గర ఎత్తలేదు. బయట కారు దగ్గర తాళంచెవి నా చేతిలో పెడుతూ మాత్రం, "ఇంట్ల నీసు వద్దన్నరు గదా అంకుల్, మీరు తినరనుకున్న. గందుకే చెప్పిన" అంది. తిట్టినా బాగుండేది. నేను జాగ్రత్తగా వెళ్లమ్మా అన్నాను.

"బంగారం లాంటి పిల్ల, ఉన్నట్టుండి ఎందుకు వెళ్లిపోయిందో" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంటుంది. నేను పేపరు తిప్పుతాను. తెలియదు అన్న ఆ మాట నా నోట్లోంచి ఒక్క క్షణంలో వచ్చేసింది. కుర్చీ నుంచి వంటింటికి పది అడుగులే, వెళ్లి నిజం చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లూ నాకు చాలలేదు.