నాలుగంగుళాల సిలిండరు

వెల్డింగు మేస్త్రీకి గొడ్డలి బరువైపోయింది. ముప్పై ఏళ్లు ఆయన గొడ్డలి ఎత్తేవాడు, భార్య దుంగను నిలబెట్టి చప్పున చెయ్యి తీసేది. ఆవిడ పోయాక రెండు చలికాలాలు ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడోదానికి భుజం మొరాయించింది. షెడ్డులో పడి ఉన్న ఇనుప దూలం, పాత ఇంజను, పంపు కలిపి దుంగలు చీల్చే యంత్రం కట్టుకున్నాడు. ఇక దుంగను నెట్టే హైడ్రాలిక్ సిలిండరొక్కటే కావాలి.

పాత ఇనుము కొట్టువాడు రెండు తీసి బయట పెట్టాడు. ఒకటి రెండున్నర అంగుళాల సన్నది, ఇంకొకటి నాలుగంగుళాల లావుది.

"సన్నది తీసుకో మేస్త్రీ. అలా వెళ్లి ఇలా వచ్చేస్తుంది. ఇద్దరుంటే ఒక్క పూటలో లోడంతా అవగొట్టేస్తారు."

"నావి ముడుల దుంగలు. లొంగుతాయా?"

"అబద్ధమెందుకు, ముడి దగ్గర చేతులెత్తేస్తుంది. లావుదానికి రెండున్నర రెట్లు బలం. కానీ ఒట్టి నత్తనడక. పక్కన దుంగలందించేవాళ్లకి విసుగొస్తుంది."

"పక్కన ఎవరూ ఉండరులే."

కొట్టువాడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మేస్త్రీ లావుదాని కడ్డీని చివరిదాకా లాగి గోటితో నిమిరాడు. గీత తగిలితే సీలు నూనె ఆపదు. ఎక్కడా తగల్లేదు.

"ఇదే ఇవ్వు. నాకేం తొందర?"

మర్నాడంతా బిగింపులతోనే సరిపోయింది. చెయ్యి ఇరుక్కుంటే కేకేసినా వచ్చే దిక్కులేదు గనక, రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే కడ్డీ కదిలేలా అమర్చాడు.

మూడో రోజు పొద్దున మొదటి ముడి దుంగ మూలిగి, కిర్రుమని రెండుగా విచ్చుకుంది. మేస్త్రీకి ఒళ్లు పులకరించింది. కొట్టువాడికి ఫోను చేశాడు.

"చీల్చిందయ్యా! నడిమధ్య ముడి, అయినా..."

"మంచిది మేస్త్రీ. బేరంలో ఉన్నా, మళ్లీ మాట్లాడతా."

మళ్లీ ఫోను రాలేదు. కడ్డీ తాపీగా వెనక్కి వచ్చే ఆ కాసేపూ ఆయనకు చేసే పనేమీ ఉండేది కాదు. ఇదివరకు అలాంటి సందుల్లోనే ఆవిడ, "ఊపిరి తీసుకోండి, దుంగలెక్కడికీ పారిపోవు" అనేది.

సాయంత్రానికి చీల్చిన కట్టెలు కిటికీ ఎత్తున పేరుకున్నాయి. ఒక్క మనిషికి రెండు చలికాలాలు సరిపోతాయి. ఇంజను ఆపడానికి వంగాడు. దీపం లేని ఇంటివైపు ఒకసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దూలం మీద కూర్చుని, డీజిలు అయిపోయి ఇంజను దానంతటదే ఆగేదాకా ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు.